ఎదురుపడని మా అత్త

మా ఇంట్లో ఎవరు ఊరికి ప్రయాణమైనా సరిగ్గా బయల్దేరే వేళకి మా మేనత్త కనిపించేది కాదు. అప్పటిదాకా కాలు ఒక్కచోట నిలిచేది కాదు. పులిహోర కలిపి డబ్బాలో సర్దేది, మరచెంబులో నీళ్ళు పోసేది, సంచి మూతి బిగించి కట్టేది, "గొడుగు మర్చిపోకండి, ఆనక నన్ననకండి" అని హెచ్చరించేది. తీరా మనం చెప్పుల్లో కాళ్ళు పెట్టేసరికి మాయం. దొడ్లో గడ్డిమేటు వెనక్కో, పశువుల పాకలోకో వెళ్ళి అక్కడ లేని పని ఏదో కల్పించుకునేది. నేను పదో తరగతి పరీక్షలకి వెళ్ళిన రోజూ అంతే, మండపేటలో టీచరు ఉద్యోగంలో చేరిన రోజూ అంతే. చివరికి నన్ను అత్తారింటికి పంపించిన రోజు కూడా ఆవిడ పాకలో గేదెకి కుడితి కలుపుతోందట.

మామయ్య పోయేటప్పటికి ఆవిడకి ముప్పై ఏళ్ళు నిండలేదు. పిల్లని చంకనేసుకుని పుట్టింటికి వచ్చేసింది. మా వైపు ఒక అలవాటు ఉంది. ప్రయాణమయ్యే మనిషి గుమ్మం దాటే ముందు ఇంట్లోవాళ్ళు వీధిలోకి తొంగిచూస్తారు, ముత్తయిదువ ఎవరైనా వస్తోందా, నీళ్ళ బిందెతో అయితే మరీ మంచిది అని. ఎవరూ రాకపోతే పక్కింటావిణ్ణి "కాస్త ఎదురు రండి" అని అడిగి మరీ రప్పించుకుంటారు. అదే భర్త పోయిన మనిషి ఎదురైతే వెనక్కి వచ్చి కూర్చుని, మంచినీళ్ళు తాగి, మళ్ళీ లేస్తారు. తన మూలంగా ఎవరూ అలా వెనక్కి వచ్చి నీళ్ళు తాగనక్కర్లేకుండా మా అత్త ముందే తప్పుకునేది. తప్పుకోమని మా ఇంట్లో ఎవరూ ఆవిడకి చెప్పలేదు. తప్పుకోనక్కర్లేదని కూడా ఎవరూ చెప్పలేదనుకోండి, అది వేరే సంగతి.

నాకు అసలే ఓపిక తక్కువ. ఈ దాగుడుమూతలు చూస్తే ఒళ్ళు మండేది. చేసిన పులిహోర ఆవిడదీ, కట్టిన మూట ఆవిడదీ, వాటికి లేని దోషం మొహానికి ఎక్కణ్ణుంచి వచ్చిందని అడిగేదాన్ని. "నీకు తెలీదులే" అని నవ్వేసేది. ఆ నవ్వు చూస్తే నాకు ఇంకా మండేది.

రెండువేల సంవత్సరం దాటాక, ఒక వేసవిలో ఈ మనిషిని వెంటబెట్టుకుని నేను మస్కట్ వెళ్ళాల్సి వచ్చింది. అత్త కూతురు, అంటే మా మరదలు, పెళ్ళయ్యాక అక్కడే ఉండేది. ఆమె భర్తకి ఏసీలు బిగించే కంపెనీలో ఉద్యోగం. పిల్లకి రెండుసార్లు కడుపు నిలవలేదు. మూడోసారి నెలలు నిండుతుంటే డాక్టరమ్మ మంచం దిగవద్దంది, విమానం మాట ఎత్తనే వద్దంది. మామూలుగా అయితే తొలి పురిటికి పిల్ల పుట్టింటికి రావాలి. ఇక్కడ పుట్టిల్లే పిల్ల దగ్గరికి వెళ్ళాల్సి వచ్చింది. అత్తకి చదువు రాదు, ఇంగ్లీషు అంతకన్నా రాదు. నాకు బడి సెలవులు, పుట్టింట్లోనే ఉన్నాను. నేను సోషల్ టీచర్ని కాబట్టి దేశాలన్నీ తిరిగినట్టే లెక్క అని మా నాన్న తీర్మానించారు. పటంలో మస్కట్ ఎక్కడుందో చూపించమంటే చూపిస్తాను గానీ, విమానాన్ని తలెత్తి ఆకాశంలో చూడ్డమే తప్ప దాని దగ్గరికి వెళ్ళి ఎరగను.

టికెట్లు వచ్చాక అత్త అడ్డం తిరిగింది.

"నేను రానే అమ్మాయ్. పురిటి కాయం చేసిస్తాను, నెయ్యి కాచిస్తాను, నువ్వెళ్ళు."

"నీ కూతురి పురిటికి నేనెళ్ళి ఏం చెయ్యను? నాకు అన్నం వార్చడమే సరిగ్గా రాదు."

ఆవిడ పొయ్యి మీద నెయ్యి కలుపుతూనే ఉంది. తరవాత మెల్లిగా అంది. "దాన్ని మస్కట్ పంపినప్పుడు నేనూ రాజమండ్రి స్టేషన్‌కి వచ్చాను. ఉండబట్టలేక కిటికీ దగ్గర, దానికి ఎదురుగుండా నిలబడ్డాను. రైలు కదిలేదాకా అక్కడే ఉన్నాను. ఆ తరవాత రెండుసార్లూ ఏమైందో చూశావుగా."

"ఆ రైల్లో ఊరు ఊరంతా ఎక్కింది కదా అత్తా. వాళ్ళందరికీ ఏం కాలేదే?"

"వాళ్ళు నా కడుపున పుట్టలేదు కదే" అంది.

ఆ సాయంత్రం మరదలు ఫోన్ చేసింది. అమ్మ రాకపోతే నొప్పులొచ్చినా ఇంట్లోనే ఉంటాను గానీ ఆసుపత్రి మెట్లు ఎక్కనని చెప్పి పెట్టేసింది. మొండితనంలో తల్లికి తగ్గ కూతురు. అత్త శొంఠి దంచడానికి కూర్చుంది.

బయల్దేరే రోజున మా అమ్మ పక్కింటావిణ్ణి ఎదురు రప్పించింది. నేను గుమ్మం దిగాను. అత్త దిగలేదు. ఆవిడ కూడా ప్రయాణమయ్యే మనిషేనని ఆవిడకే గుర్తులేదు. నాన్న కేకేస్తే దొడ్డిదారిన చుట్టూ తిరిగొచ్చి ఆటోలో కూర్చుంది. రాజమండ్రిలో రైలెక్కి తెల్లవారేసరికి సికింద్రాబాదులో దిగి, అక్కణ్ణుంచి విమానాశ్రయానికి వెళ్ళాం.

అక్కడ మమ్మల్ని ఆపింది కాయం. శొంఠి, మిరియాలు, బెల్లం, నెయ్యి వేసి బాలింతల కోసం ఉండ కట్టిన మందు అది, నల్లగా, రోకలి బండ మందాన ఉంటుంది. తనిఖీ చేసే ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి ఇదేంటని హిందీలో అడిగాడు. నేను నా ఇంగ్లీషులో పురిటి మందు గురించి పాఠం మొదలుపెట్టాను. ఆయనకి సగం కూడా అర్థమైనట్టు లేదు. "కొంచెం నోట్లో వేసుకోమనవే, ఒంటికి మంచిదే" అంది అత్త నా వెనక నుంచి. ఆయన వాసన చూశాడు. మిరియాల ఘాటుకి కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. మర్యాదగా మళ్ళీ పొట్లం కట్టి ఇచ్చేశాడు.

విమానంలో అత్త నేను భయపడినంత భయపడలేదు. బెల్టు పెట్టుకుని, అటూ ఇటూ చూసి, "ఇది బాగుందే. అందరూ ఒకవైపే తిరిగి కూర్చున్నారు. ఎవరికీ ఎవరూ ఎదురు కాదు" అని కళ్ళు మూసుకుంది.

మధ్యలో దుబాయిలో దిగి వేరే విమానం ఎక్కాలి. మా తిప్పలన్నీ అక్కడే మొదలయ్యాయి. దిగినవాళ్ళంతా ఒక పొడుగాటి వసారాలోకి వచ్చిపడ్డాం. తలెత్తితే బోర్డులు, బోర్డుల నిండా అంకెలు, బాణాలు. మా గేటు అంకె పక్కన బాణం నిట్టనిలువుగా పైకి చూపిస్తోంది. పైకి అన్నాడు కదా అని కదిలే మెట్లెక్కి పైకి వెళ్ళాను. మెట్ల మీద అత్త నా భుజం పట్టుకున్న పట్టుకి వారం రోజులు నొప్పి పోలేదు. పైన అత్తరు దుకాణాలు, బంగారం దుకాణాలు, కాఫీలు తాగే జనం. మా గేటు జాడ లేదు. మళ్ళీ కిందికి దిగితే అదే బాణం, అదే పైకి. యూనిఫాం వేసుకున్న ఒకమ్మాయిని అడిగితే, తిన్నగా వెళ్ళమని చెయ్యి ముందుకి చాపి చూపించింది. పైకి చూపిస్తే తిన్నగా అని అర్థమట. పటంలో పైన ఉన్నది ఉత్తరం అని పిల్లలకి బెత్తం చూపించి మరీ చెప్పిన దాన్ని నేను. ఇక్కడ ఉత్తరమూ లేదు, దక్షిణమూ లేదు, నడక ఒక్కటే ఉంది.

కొంచెం ముందుకి వెళితే నేలే కదులుతోంది. నల్లటి రబ్బరు పట్టా, మనుషులు దాని మీద నిలబడితే చాలు, అదే మోసుకుపోతోంది.

"నేల కదులుతుంటే దాని మీద నడవడమేంటే? నేను పక్కనుంచి వస్తాలే, నువ్వెక్కు" అంది అత్త.

సరేనని ఎక్కాను. చేతిలో బరువైన సంచి ఉంది, కాళ్ళు పీకుతున్నాయి. పక్కన గోడవారగా అత్త నడుస్తూ కనిపించింది. కాసేపు ఆ పక్క దుకాణాల తళుకుబెళుకులు చూశాను. పట్టా చివర దిగి వెనక్కి తిరిగితే అత్త లేదు.

వస్తుందిలే అని నిలబడ్డాను. రాలేదు. వెనక్కి కొంత దూరం వెళ్ళి చూశాను. ఎదురుగా జనం, రకరకాల జనం, తెల్లని అంగీల వాళ్ళు, చంకలో పిల్లలతో వచ్చేవాళ్ళు, పెట్టెలు ఈడ్చుకుంటూ వచ్చేవాళ్ళు. అందులో మా అత్త నేత చీర లేదు. మరుగుదొడ్లలో వెతికాను. "అత్తా" అని పిలిస్తే ఎవరెవరో తిరిగి చూశారు. గేటు దగ్గరికి పరిగెత్తి నా గోడు చెప్పుకున్నాను. ఎక్కించడం అయిపోవచ్చింది, తొందరగా తీసుకురమ్మని అక్కడి అతను చెప్పాడు. అప్పుడు గుర్తొచ్చింది, ఆవిడ పాస్‌పోర్టూ, టికెట్టూ అన్నీ నా సంచిలోనే ఉన్నాయి. ఆవిడ దగ్గర ఉన్నది కాయం పొట్లం ఒక్కటే.

చదువు రాని మనిషి, భాష తెలియని చోటు. అవతల మంచం మీద ఆ పిల్ల అమ్మ వస్తుందని కళ్ళల్లో ఒత్తులేసుకుని ఉంది. ఈ విమానం తప్పితే మళ్ళీ ఎప్పుడో, ఎవర్ని అడగాలో నాకు తెలియదు. ఏడిస్తే లాభం లేదని ఒక బల్ల మీద కూలబడి ఆలోచించాను. మామూలుగా ప్రయాణం వేళ మా ఇంట్లో అయితే ఇప్పుడు ఆవిడ ఎక్కడుంటుంది?

గడ్డిమేటు వెనక. చిన్నప్పుడోసారి బస్సు దాకా వెళ్ళి గొడుగు కోసం వెనక్కి వచ్చాను. అప్పుడు చూశాను, ఆవిడ గడ్డిమేటు వెనక పనేమీ చెయ్యడం లేదు. చాటున నిలబడి, మేం బస్సెక్కే చోటు వైపే చూస్తోంది. అక్కణ్ణుంచి రోడ్డు కనిపిస్తుంది, రోడ్డు మీంచి ఆ చోటు కనిపించదు.

లేచి ఈసారి మనిషి కోసం కాకుండా చాటు కోసం వెతికాను. నేను దిగిన చోటు కనిపించాలి, ఎవరి దారికీ అడ్డం రాకూడదు. పట్టాకి పక్కగా లావుపాటి స్తంభం ఒకటి ఉంది. దానికీ అద్దాల గోడకీ మధ్య ఒక మనిషి పట్టేంత సందు. ఆ సందులోంచి నేత చీర అంచు కనిపించింది.

అత్త స్తంభానికి ఆనుకుని, కాయం పొట్లం గుండెలకి హత్తుకుని నిలబడి ఉంది.

"ఎంతసేపటినుంచి ఇక్కడున్నావు?"

"నువ్వు దిగినప్పటినుంచీ ఇక్కడే. నువ్వు అటూ ఇటూ పరిగెత్తడం కనిపిస్తూనే ఉంది."

"కనిపిస్తుంటే పిలవచ్చుగా? నోరు పడిపోయిందా?"

"బయల్దేరిన మనిషిని వెనకనుంచి ఎలా పిలుస్తానే?"

నాకు వచ్చిన కోపం అంతా ఇంతా కాదు. నాలుగు మాటలు దులిపేద్దామని నోరు తెరిచాను. ఆవిడ తలవంచుకుని, తప్పు చేసిన పిల్లలా సంజాయిషీ చెప్పడం మొదలుపెట్టింది.

"నీ వెనకే వద్దామనుకున్నాను. ఇంతలో ఓ పిల్ల ఒక్కతే ఎదురొస్తోంది. మన పిల్లే, మెళ్ళో పసుపుతాడు ఇంకా పచ్చగా ఉంది. కాపరానికి వెళ్తోంది కాబోలు. నా మొహం చూసి ఏం వెళ్తుంది పాపం? ఇటు తిరిగితే ఇంకో ఆయన పెట్టెతో వస్తున్నాడు, అటు తిరిగితే చంటిపిల్లతో ఇంకొకావిడ. ఇది ఏం ఊరే? ఇక్కడ ఉన్నవాళ్ళందరూ బయల్దేరినవాళ్ళేనే. ఎటు తిరిగినా ఎవరో ఒకరికి ఎదురవుతున్నాను."

ఆవిడ చెప్పింది నిజమే. లోకంలో ప్రయాణమయ్యేవాళ్ళంతా పోగయ్యే చోటుకి, ప్రయాణమయ్యేవాళ్ళ కంట పడకూడదని ఇన్నేళ్ళూ పాకల్లో నిలబడ్డ మనిషిని తీసుకొచ్చాను. నాకు ఏడుపొచ్చింది. ఆవిడ చెయ్యి పట్టుకుని నడిపించాను. నా వీపు చాటున తల దాచుకుని, నా అడుగులో అడుగు వేస్తూ వచ్చింది. గేటు మూసే ముందు అందరికన్నా చివర ఎక్కింది మేమే.

మస్కట్‌లో దిగేసరికి సాయంత్రమైంది. ముద్రలు వేయించుకుని, పెట్టెలు తోపుడుబండి మీద వేసుకుని బయటికి నడిచాం. బయటికి వెళ్ళే తలుపులు మనిషి దగ్గరికి రాగానే వాటంతటవే తెరుచుకుంటున్నాయి. అవతల కమ్మీ పట్టుకుని, వచ్చేవాళ్ళ కోసం ఎదురుచూసే జనం. నేను బండి తోసుకుంటూ బయటపడ్డాను. డాక్టరమ్మ వద్దన్నా మా మరదలు వచ్చేసింది. కమ్మీ పక్కన భర్త వేసిన కుర్చీలో కూర్చుని ఉంది, నన్ను చూసి పొట్ట పట్టుకుని లేచింది. నన్ను దాటి వెనక్కి చూసింది.

"అమ్మేది వదినా?"

వెనక్కి చూశాను. తలుపులు మూసుకుని ఉన్నాయి. మళ్ళీ మొదలైందిరా దేవుడా అనుకున్నాను. ఎవరో వస్తుంటే తలుపులు తెరుచుకున్నాయి, లోపల పక్కకి ఒదిగి అత్త కనిపించింది. కూతుర్ని చూసింది. ఒక అడుగు ముందుకి వేసింది, మళ్ళీ వెనక్కి వేసింది. తలుపులు మూసుకున్నాయి. నేను లోపలికి వెళ్ళబోతే కాపలా అతను చెయ్యి అడ్డం పెట్టాడు. ఒకసారి బయటికి వచ్చినవాళ్ళు మళ్ళీ లోపలికి పోకూడదట. బతిమాలాను, కుదరదన్నాడు. నేను వెళ్ళలేను, ఆ పిల్ల వెళ్ళలేదు. రావాలంటే ఆవిడే రావాలి.

"నెలలు నిండిన దాన్ని, నాకు ఎదురు రాకూడదని ఆగిపోయింది కదూ" అంది మరదలు. ఆమె భర్త వద్దంటున్నా కమ్మీ చివరిదాకా నడిచి, సరిగ్గా తలుపులకి ఎదురుగా వెళ్ళి నిలబడింది. పక్కనున్నవాళ్ళు ఆమె పొట్ట చూసి చోటిచ్చారు. మళ్ళీ తలుపులు తెరుచుకునేదాకా అలాగే నిలబడింది.

"అమ్మా" అని పిలిచింది. గట్టిగా ఏం కాదు, ఇంట్లో ఒక గదిలోంచి ఇంకో గదిలోకి పిలిచినట్టే పిలిచింది. "రేపు పొద్దున్న ఆసుపత్రికి వెళ్ళి చేరాలి. ఈ ఊళ్ళో నాకు ఎదురొచ్చేవాళ్ళు ఎవరూ లేరు. ఎవర్ని అడగమంటావు?"

తలుపులు మూసుకున్నాయి. నేను దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను. కాసేపటికి తెరుచుకున్నాయి. ఈసారి వాటి ముందున్నది అత్తే, ఇంకెవరూ లేరు. తల వంచుకునే వచ్చింది, పొట్లం గుండెల మీదే ఉంది. కానీ తిన్నగా వచ్చింది. కూతురు దగ్గరికి రాగానే మొహం చూడకుండా పొట్ట మీద చెయ్యి వేసింది. ఇద్దరూ ఏడుస్తుంటే నేను పెట్టెలు సర్దుతున్నట్టు నటించాను.

ఇంటికి వెళ్ళాక అత్త వంట చేసింది, కూతురికి తల దువ్వింది, పడుకుంది. రేపటి సంగతి ఎవరం ఎత్తలేదు.

పొద్దున్న ఆసుపత్రికి సంచి సర్దింది అత్తే. చంటిపిల్లకి పాత మెత్తటి చీర ముక్కలు మడతపెట్టింది, ఫ్లాస్కులో వేడినీళ్ళు పోసింది. అల్లుడు కారు తాళాలు తీసుకున్నాడు, మరదలు చెప్పులు వేసుకుంది. చూస్తే అత్త లేదు. వంటింట్లో లేదు, గదుల్లో లేదు, బాల్కనీలో లేదు. ఇంత దూరం వచ్చి, కూతురు అంతలా అడిగాక కూడానా? మరదలి మొహం చిన్నబోయింది. అల్లుడితో కలిసి ఆమెని పట్టుకుని లిఫ్టులో దింపుతున్నంతసేపూ, ఈసారి ఆవిడ కనిపిస్తే ఏమనాలో మనసులో వరస పెట్టుకున్నాను.

కింద లిఫ్టు తలుపులు తెరుచుకున్నాయి.

ఎదురుగా మా అత్త. లిఫ్టంటే భయపడి మెట్లన్నీ దిగి వచ్చినట్టుంది, రొప్పుతోంది. చేతిలో చెంబు నిండా మంచినీళ్ళు ఉన్నాయి, తల చన్నీళ్ళతో తడిపి దువ్వుకుని ఉంది. ఈసారి తల వంచుకోలేదు. కూతురి మొహంలోకే చూస్తోంది.

"రా అమ్మా, కుడికాలు ముందు పెట్టు" అంది.

మేం ముగ్గురం బయటికి వచ్చేదాకా ఆవిడ అక్కణ్ణుంచి కదల్లేదు.